ఎడమ చెంప తీర్పు

చీటీలక్క రెండు చెంపలకీ పొత్తు లేదు. కుడి చెంపకు నీళ్లూ సబ్బూ తప్ప మరొకటి తగలదు. ఎడమ చెంపకు తగలనిదంటూ లోకంలో లేదు.

ఆమె పనిచేసేది ముఖానికి రాసుకునే సరుకులమ్మే షాపులో. నడుం ఎత్తు కౌంటరు, వెనక గాజు అరలు, ఎడమ పక్కన వీధిలోకి తెరుచుకునే కిటికీ. పదకొండేళ్ల కిందట చేరిన కొత్తలో అందరిలాగే ఆమె కూడా ప్రతి డబ్బానూ "ఇది చాలా బాగుంటుందండీ" అంటూ చేతుల్లో పెట్టేది. ఒకరోజు ఒక పెద్దావిడ, "నువ్వు రాసుకుని చూశావా అమ్మా?" అని అడిగింది. లేదని చెప్పడానికి చీటీలక్కకు తల కొట్టేసినట్టయింది. అంతే, తాను రాసుకోని వస్తువును అమ్మేది లేదని ఆ రోజే భీష్మించుకుంది.

అప్పటినుంచి షాపులోకి కొత్తది ఏదొచ్చినా ముందు చెవి వెనక చుక్క పెట్టి ఒకరోజు ఆగుతుంది. దద్దురు లేవకపోతే ఎడమ చెంపకు ఎక్కిస్తుంది. కిటికీ అటే కాబట్టి ఆ చెంప మీద పగటి వెలుగు పడుతుంది, అద్దంలో దాపరికాలుండవు. పద్నాలుగు రోజులు ఒక్క పూట కూడా మానదు. పదిహేనో రోజు పొద్దున రెండు చెంపలనూ పక్కపక్కన పెట్టి చూసుకుని, అరచేతిలో పట్టే చీటీ మీద తీర్పు రాసి, ఆ డబ్బా ఉన్న అరకు అంటిస్తుంది. ఆమె తీర్పులు మూడే. కొనొచ్చు. అక్కర్లేదు. డబ్బు దండగ.

పెదాల రంగు వేసుకుని మూడు గ్లాసుల టీ తాగి, గ్లాసు అంచు చూస్తుంది. కాటుక పెట్టుకుని రెండు ఉల్లిపాయలు తరుగుతుంది. పౌడరు రాసుకుని రద్దీ బస్సులో నిలబడి ఇంటికెళుతుంది. సగం మొహం పెళ్లికీ సగం మొహం పనికీ బయల్దేరినట్టుండే భార్యను చూసి లిఫ్టు మెకానిక్కైన మొగుడు, "నాకేం, ఎటు కూర్చుంటే ఆ పెళ్లాం" అని మురిసిపోయేవాడు. మనిషి బంగారం. కాకపోతే నిద్రపోతే లిఫ్టు మోటారు తిరిగినట్టు గురక పెడతాడు. ఆమె పెళ్లైన మొదటి వారంలోనే ఆయనకు వీపు పెట్టి, ఎడమ వైపు గోడకు తిరిగి పడుకోవడం నేర్చుకుంది.

జనం ఆ చీటీలు చదవడానికే వచ్చేవారు. ఆమె అసలు పేరు షాపు ఓనరమ్మకు కూడా చటుక్కున గుర్తుకు రాదు.

ఇలా ఉండగా ఆడపడుచు క్రీము తెచ్చింది.

ఆడపడుచంటే మొగుడి ఒక్కగానొక్క చెల్లెలు. మందుల ఫ్యాక్టరీలో, లేపనాలు కలిపే గదిలో పన్నెండేళ్లు చేసింది. ఎవరి పేరుతోనో అమ్ముడుపోయే వాటిని కలిపీ కలిపీ విసుగెత్తి, ఏడాది కిందట మానేసింది. రెండు గదుల ఇంట్లో ఒక గదిని తెల్లగా కడిగి, తూకం, థర్మామీటరు, ఉడికించిన సీసాలు సర్దుకుని, రాత్రిపూట రాసుకునే క్రీము ఒక్కటే పట్టుకుని కూర్చుంది. ఇరవైమూడు సార్లు పారబోసింది. ఇరవైనాలుగోసారి కుదిరిందనుకుని, ఒక అట్టపెట్టె నిండా డబ్బాలు నింపి తీసుకొచ్చింది. డబ్బా మీద చిన్న లేబులు: "రాత్రి క్రీము. పొడి చర్మానికి. మచ్చలను పోగొట్టును."

"వదినా, మొహమాటం వద్దు. నువ్వు అందరికీ రాసినట్టే నాకూ రాయి" అంది.

"నాకు మొహమాటమా? నా మొహంలో అంత చోటేదీ?" అంది చీటీలక్క.

షరతు పెట్టింది ఓనరమ్మ. చీటీ "కొనొచ్చు" అని వస్తేనే క్రీము అరలోకి ఎక్కుతుంది. లేకపోతే పెట్టె పెట్టెగా వెనక్కి. అవతల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు కూడా కబురు పెట్టాడు. ఒకటో తారీఖు పొద్దున్నే వస్తే పాత పని పాతదే, రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు. అంటే ఆ పెట్టె అరలోకి ఎక్కితే ఆడపడుచు తన క్రీము తాను చేసుకుంటుంది, ఎక్కకపోతే మళ్లీ ఆ గదిలోకే వెళ్లాలి. అదంతా తెలిసే చీటీలక్క పద్నాలుగు రాత్రులు ఎడమ చెంపకు ఆ క్రీము రాసింది.

పదిహేనో రోజు అద్దం ముందు చాలాసేపు కూర్చుంది. ఎడమ చెంప గరుకుగానే ఉంది. కుడి చెంపా అంతే గరుకు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. తేడా కనిపించాలని ఆమెకు ఎంత ఆశగా ఉందంటే, ఆ ఆశ మీదే ఆమెకు అనుమానం వచ్చింది. లేని తేడాను ఉందనుకుంటే ఇక ఈ పదకొండేళ్లూ ఎందుకు?

"అక్కర్లేదు" అని రాసింది.

ఆడపడుచు ఆ చీటీ చదివి ఏడవలేదు, తిట్టలేదు. "నా దగ్గర తీసుకుని వాడిన అయిదుగురూ బాగుందన్నారు వదినా" అని మాత్రం అంది.

"నీ మొహం చూసి అనుంటారు."

ఆ మాట అన్నాక చీటీలక్క నాలుక కరుచుకుంది గానీ అప్పటికే ఆడపడుచు పెట్టె ఎత్తి చంకన పెట్టుకుంది.  అయినా రాసింది దిద్దాలని మాత్రం అనిపించలేదు. నిజం చెప్పి అయినవాళ్లకు చెడ్డయ్యాను, కానీలే అని తనకు తానే ధైర్యం చెప్పుకుంది.

ఇరవయ్యో తారీఖు ఆదివారం. ఇంట్లో బట్టలుతికే మిషను మొరాయించి అప్పటికి వారం దాటింది. లిఫ్టులు బాగుచేసే మొగుడు దాన్ని ముక్కలుగా ఊడదీసి, మళ్లీ ఎలా బిగించాలో తెలియక బాల్కనీలో పరిచిపెట్టాడు. గతిలేక చీటీలక్క దుప్పట్లు, గలీబులు బకెట్లో వేసుకుని చేత్తో ఉతకడానికి కూర్చుంది.

తన దిండు గలీబు నీళ్లలో ముంచింది. అంతా తడిసింది, నడుమ అరచేయంత మేర తప్ప. అక్కడ నీళ్లు బొట్లు బొట్లుగా నిలబడి, గలీబు వంచగానే జారిపోయాయి. ఆమె గోరుతో గీరింది. గోటి కింద తెల్లగా, జిడ్డుగా వచ్చింది. వాసన చూసింది. ఆడపడుచు క్రీము వాసనే, పక్కాగా.

చీటీలక్క చేతిలో గలీబుతో అలాగే కూర్చుండిపోయింది. గోడ వైపు తిరిగి పడుకుంటే దిండుకు ఆనేది ఎడమ చెంప. పద్నాలుగు రాత్రులు ఆమె క్రీము రాసింది తన చెంపకు కాదు, దిండుకి. ఇన్నేళ్లూ ఆ దిండు సంగతి మిషను కడుపులో కొట్టుకుపోయింది.

కానీ అనుమానంతో తీర్పు రాయడం ఆమె అలవాటు కాదు. చేతులు తుడుచుకుని గదిలోకి వెళ్లి, ఎడమ చెంపకు తన దగ్గర మిగిలిన ఆడపడుచు క్రీము రాసుకుని, దిండు మీద నల్ల చున్నీ పరిచి, గోడ వైపు తిరిగి పడుకుంది. పొద్దున పదింటికి పెళ్లాం పక్కెక్కడం ఎన్నడూ చూడని మొగుడు స్క్రూడ్రైవరుతో సహా పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? జ్వరమా?"

"మాట్లాడించకండి. చెంప కదులుతుంది."

అరగంట తర్వాత లేచి చున్నీని కిటికీ దగ్గర పట్టుకు చూసింది. నల్ల గుడ్డ మీద తెల్లగా చెంప అచ్చు పడి ఉంది. అరగంటకే ఇంత అయితే రాత్రంతా ఎంత?  ఆడపడుచు క్రీము ఒక్కటే కాదు. ఈ పదకొండేళ్లలో ఆమె "అక్కర్లేదు" అనో "డబ్బు దండగ" అనో తోసిపారేసిన రాత్రి క్రీములు మొత్తం తొమ్మిది. పగలు రాసుకునేవాటికి దిండు అడ్డం రాదు. రాత్రివాటిలో మాత్రం ఒక్కటీ ఆమె చెంప మీద తెల్లవారలేదు.

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. నిజం దాచకుండా చెప్పాలంటే, వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఈ సంగతి ఈ ఇంట్లో ఈ బకెట్‌కు తప్ప ఎవరికీ తెలియదు. గలీబును వేడినీళ్లలో రెండు జాడింపులు జాడిస్తే బకెట్ కూడా మరిచిపోతుంది.

ఆమె గలీబును జాడించలేదు. ఆరేసి, మడిచి, మర్నాడు షాపుకు పట్టుకెళ్లింది.

ఓనరమ్మ గలీబును, చున్నీని మార్చి మార్చి చూసి తలుపు దగ్గరగా వేసింది. "దీనికింత రాద్ధాంతం ఎందుకు? మీ ఆడపడుచు క్రీముకు 'కొనొచ్చు' అని ఒక చీటీ రాసేయ్. పెట్టె తెప్పిస్తాను. మీ ఇంట్లో గొడవా తీరుతుంది, ఇక్కడా గొడవుండదు."

"అది బాగుందని నాకేం తెలుసు?"

"ఇప్పుడే కదా, బాగాలేదన్నది తప్పన్నావు?"

"బాగాలేదన్నది తప్పు. అంతమాత్రాన బాగుందన్నది ఒప్పయిపోతుందా? ఆ క్రీము సంగతి మా దిండుకి తెలుసు. నాకు తెలీదు."

"ఒక్క చీటీ తప్పని చెప్పావంటే అన్నీ తప్పే అంటారు జనం. షాపు పరువేం కాను?"

"అన్నీ కాదు మేడం. తొమ్మిది. ఆ తొమ్మిదీ ఏవో నేనే చెప్తాను."

ఓనరమ్మ తల పట్టుకుంది. పదకొండేళ్లుగా చూస్తున్న మనిషి, పట్టిన పట్టు విడవదని తెలుసు. మధ్యాహ్నానికల్లా రాత్రి క్రీముల అర మీద పాత చీటీలన్నీ ఊడిపోయి ఒక్క పెద్ద చీటీ వెలిసింది.

"తొమ్మిది రాత్రి క్రీముల మీద నేను రాసినవి తప్పుడు తీర్పులు. నేను ఎడమ చెంప మీద పడుకుంటాను, క్రీమంతా దిండుకు అంటుకుంది. మళ్లీ ఒక్కొక్కటీ వాడి చూసి రాస్తాను. అంతవరకు నన్ను అడగకండి."

ఆ సాయంత్రమే లెక్కల టీచరు వచ్చింది. చీటీ చూడకుండా సబ్బు బిళ్ల కూడా కొనని మనిషి. చలికాలమొస్తే చెంపలు పగిలి, పాఠం చెబుతూ నవ్వాలన్నా మంట. రెండేళ్ల కిందట ఒక రాత్రి క్రీము చేతిలోకి తీసుకుని, చీటీ చదివి, తిరిగి అక్కడే పెట్టేసింది. ఇప్పుడా పెద్ద చీటీని రెండుసార్లు చదివింది.

"అంటే రెండు చలికాలాలు నా మొహం మీ దిండు చెప్పినట్టు విందన్నమాట."

"అవునండీ. క్షమించండి."

"రెండిటిని పోల్చాలంటే మిగతావన్నీ సమానంగా ఉండాలని మా ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు."

  టీచరు సంచి భుజాన వేసుకుని, ఏమీ కొనకుండా వెళ్లిపోయింది. ఆ వెళ్లడం చీటీలక్కకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఏ చెంపకని అడగకండి.

అక్కణ్నుంచి ఆమె నేరుగా ఆడపడుచు ఇంటికి వెళ్లింది. ఆడపడుచు సీసాలను పాత కాగితాల్లో చుట్టి మూట కడుతోంది. గోడకు ఇస్త్రీ చేసిన ఫ్యాక్టరీ కోటు వేలాడుతోంది. చీటీలక్క కూర్చోకుండానే గలీబు తీసి ఆమె ముందు పరిచింది. జరిగినదంతా కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

ఆడపడుచు గలీబు మీద చేయి వేసి చూసింది. ఆమె కళ్లలో ముందు వెలుగొచ్చింది, తర్వాత కోపమొచ్చింది.

"నా మొహం చూసి అన్నారన్నావు కదా వదినా, ఆ అయిదుగురూ?"

"అన్నాను. ఆ మాట నన్ను పొడుస్తూనే ఉంది."

"మరిప్పుడేం రాశావు?"

"ఏమీ రాయలేదు. నిన్న రాత్రినుంచి మళ్లీ మొదలుపెట్టాను, వెల్లకిలా పడుకుని. నాలుగో తారీఖు పొద్దున చెప్తాను."

"సూపర్‌వైజరు ఒకటో తారీఖన్నాడు."

"తెలుసు."

"పది రోజులకే చెప్పెయ్యలేవా?"

"పరాయివాళ్ల క్రీముకు పద్నాలుగు, నీకు పదీ అయితే ఆ చీటీకి విలువేముంది?"

 ఆడపడుచు చుట్టిన సీసాను విప్పింది, మళ్లీ చుట్టింది. "పోనీ ఒకమాట చెప్పు. బాగుంటుందా?"

చీటీలక్కకు ఆ క్షణంలో "బాగుంటుంది" అనడం ఎంత తేలికో! ఆ ఒక్క మాటతో ఆడపడుచు మొహం విప్పారేది. గొంతు దాకా వచ్చిన మాటను మింగేసి, "తెలీదమ్మా. నువ్వు ఒకటో తారీఖున పనికి వెళ్లినా నేను తప్పుపట్టను. వెళ్లినా, వెళ్లకపోయినా నాలుగో తారీఖున చీటీ రాస్తాను" అంది.

"ఇవాళ నువ్వు జాలిపడి 'కొనొచ్చు' అని రాసి తెచ్చి ఉంటే, ఆ చీటీ నీ ముందే చించేసి ఫ్యాక్టరీకి పోయేదాన్ని" అంది ఆడపడుచు. లేచి, గోడకున్న కోటు తీసి బీరువాలో పడేసింది. "నాలుగో తారీఖే కానీ. నా ఇరవైనాలుగోది దిండుతో ఓడిపోయిందంటే నేనొప్పుకోను. మొహంతో ఓడిపోతే ఒప్పుకుంటాను."

వెల్లకిలా పడుకోవడం అనుకున్నంత తేలిక కాదు. మనిషి మెలకువలో ఎంత పట్టుదలగా ఉన్నా నిద్రకు పట్టుదలుండదు. చీటీలక్క రెండు పక్కలా రెండు గట్టి దిండ్లు గోడల్లా పెట్టుకుంది. చలనం లేకుండా పడుకుని లేచేసరికి మెడ పట్టేసేది, నడుం లాగేసేది. పైగా వెల్లకిలా పడుకుంటే ఆమెకూ గురక వస్తుందని అప్పుడే బయటపడింది. మూడో రోజు పొద్దున మొగుడు ఎర్రబడ్డ కళ్లతో టీ గ్లాసు పట్టుకుని, "ఇన్నేళ్లూ నువ్వు పడ్డదేంటో ఇప్పుడు తెలిసిందే" అన్నాడు. ఆమెకు జాలి కలగలేదు.

ఒకటో తారీఖు పొద్దున తొమ్మిదింటికి, ఫ్యాక్టరీ గేటు మూసే వేళకు, చీటీలక్క కౌంటరు దగ్గర గడియారం వైపు చూసింది.  ఒకరి బతుకును తన చెంప మీద మోస్తున్నట్టుంది. భయం వేసింది. భయం వేసినా అద్దం మాత్రం తీయలేదు. గడువుకు ముందు చూసుకోవడం ఆమె పద్ధతిలో లేదు.

ఆ మధ్య తొమ్మిదో రాత్రి ఒక దిండు జారిపోయి, తెల్లారి లేచేసరికి ఆమె గోడ వైపు తిరిగి ఉంది. ఎవరూ చూడలేదు. ఆ రాత్రిని లెక్కలోంచి తీసేసి, చివర ఇంకో రాత్రి కలుపుకుంది. ఆడపడుచుకు కబురు పంపింది: నాలుగు కాదు, అయిదు.

అయిదో తారీఖు పొద్దున ఆడపడుచు పెట్టె చంకన పెట్టుకుని షాపుకు వచ్చేసరికి చీటీలక్క కిటికీ దగ్గర అద్దం ముందు కూర్చుని ఉంది. ఓనరమ్మ పక్కన నిలబడింది.  చీటీలక్క కుడి చెంప తడిమింది, గరుకు. ఎడమ చెంప తడిమింది. వేలు ఆగకుండా జారింది. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. తర్వాత ఆడపడుచు చేయి పట్టుకుని రెండు చెంపల మీదా పెట్టింది. "నువ్వే చూడు" అంది. ఆడపడుచు చేయి ఎడమ చెంప మీదనుంచి ఎంతసేపటికీ రాలేదు. ఇద్దరి కళ్లూ చెమర్చాయి.

"ఏడిస్తే చెంప తడుస్తుంది, ఇంకా రాయలేదు" అని కసురుకుని చీటీలక్క భూతద్దం తీసింది. ఎడమ కంటి కింద పెసరగింజంత మచ్చ ఒకటి ఆమెకు చాలా ఏళ్లుగా ఉంది. దాన్ని ఇటునుంచీ అటునుంచీ చూసి కలం పట్టుకుంది.

"పొడి చర్మానికి కొనొచ్చు. మచ్చలు మాత్రం పోవు. చేసింది మా ఆడపడుచు. మొదటిసారి నేను తప్పు రాశాను."

ఆడపడుచు చదివి మొహం ముడుచుకుంది. "మచ్చల సంగతి నేను రాయించలేదు వదినా. లేబుళ్లు వేసేవాడు, ఏదో ఒకటి లేకపోతే ఎవరు కొంటారని తనే తగిలించాడు."

"డబ్బా ఎవరిది? వాడిదా?"

 ఆడపడుచు కౌంటరు మీదున్న నల్ల మార్కరు తీసుకుని, పెట్టె విప్పి, నేల మీద మఠం వేసుక్కూర్చుంది. ఒక్కొక్క డబ్బా తీసి, లేబులు చివర ఉన్న ఆ మచ్చల మాట మీద గీత పెట్టి, అరలోకి అందించింది. చివరి డబ్బా అయ్యేసరికి ఆమె వేళ్లన్నీ నల్లగా ఉన్నాయి.

సాయంత్రం లెక్కల టీచరు వచ్చింది. బడి నుంచి ఇంటికి దారి ఇదే కాబట్టి వచ్చిందో, మరెందుకు వచ్చిందో ఆమెకే తెలియాలి. కొత్త చీటీ చదివి చీటీలక్క వైపు తిరిగింది.

"ఈసారి ఎలా పడుకున్నారు?"

"వెల్లకిలా."

"పద్నాలుగు రాత్రులూ?"

"పదిహేను. ఒకరోజు పక్కకు తిరిగిపోయాను. దాన్ని కొట్టేసి ఇంకోటి కలిపాను."

టీచరు తల పంకించింది. అరలోంచి ఒక డబ్బా తీసి, వెలుతురులో తిప్పి చూసి, గీత మీద వేలు పెట్టింది. "ఇక్కడేదో కొట్టేశారేం?"

చీటీలక్క నోరు తెరిచేలోపే, పక్కన నిలబడి నల్ల వేళ్లు తుడుచుకుంటున్న ఆడపడుచు ముందుకొచ్చింది.

"అది అబద్ధమండీ. మా వదిన పట్టుకుంది. మిగిలిందంతా నిజం."

టీచరు ఒకటి కాదు, రెండు డబ్బాలు తీసుకుని కౌంటరు మీద పెట్టింది. చీటీలక్క వాటిని కాగితంలో చుట్టి ఇచ్చి, కుర్చీ ఎక్కి, పై అరలో మిగిలిన ఎనిమిది రాత్రి క్రీముల్లోంచి మొదటిదాన్ని చేతిలోకి తీసుకుంది.